ఉత్తరపు కిటికీ దగ్గర

నేను ఒక డ్రాయింగు బల్లను. ముప్పై నాలుగేళ్ళ కిందట విజయనగరంలో అప్పలాచారి అనే వడ్రంగి నన్ను టేకుతో చేశాడు. నిలబడి గీసేవాళ్ళ కోసం కాళ్ళు పొడుగ్గా పెట్టి, కావాలంటే ఏటవాలుగా ఎత్తుకునేలా పైపలక బిగించాడు. అక్కణ్ణించి లారీలో విశాఖపట్నం వచ్చి ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో చేరాను. ఆ వారమే నక్షాలు గీయడానికి పైడిరాజు కూడా చేరాడు. ఎన్ని ఇళ్ళు, ఎన్ని బడులు అతని చేతికింద నామీద పుట్టాయో!

కంప్యూటర్లు వచ్చాక నామీద కాగితాలు తగ్గి టీ కప్పులు పెరిగాయి. మనుషులు విచిత్రమైనవాళ్ళు. పరాయివాళ్ళ ఇళ్ళకు గోడంత కిటికీలు గీసే ఈ ఆఫీసువాళ్ళు, కంప్యూటరు తెరల మీద వెలుగు పడుతోందని తమ కిటికీలకు పగలంతా పరదాలు దించుకుని కూర్చునేవారు.

ఆఫీసు పెట్టిన పెద్దాయన పని మానుకున్నాక అది ఆయన కూతురు శర్వాణి చేతికొచ్చింది. ఇలాంటి గదిలో కొత్త ఆలోచన ఎలా పుడుతుందని, మొత్తం మార్చేయడానికి పూనుకుంది. నెలరోజులు కష్టపడి అట్టముక్కలతో కొత్త ఆఫీసు నమూనా చేసి, నామీదే పెట్టి అందరినీ పిలిచింది. రంగురంగుల గోడలు, ఒక ఉయ్యాల, నేలమీద మెత్తని దిండ్లు. నేనేమో గుమ్మం దగ్గర, పూలకుండీ కింద! కుర్రకారు చప్పట్లు కొట్టారు. పైడిరాజు కళ్ళజోడు సవరించుకుని, వంగి చాలాసేపు చూశాడు.

"ఇందులో నా చోటేది మేడం?"

"ఎవరికీ ఫలానా చోటని ఉండదు పైడిరాజు గారూ. ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు," అంది శర్వాణి.

"ఎక్కడైనా అంటే ఎక్కడా లేనట్టే కదండీ," అన్నాడు, నవ్వుతూనే.

మర్నాడు పొద్దున్నే వచ్చి, నా సొరుగులోంచి స్కేళ్ళూ పెన్సిళ్ళూ తీసి సంచిలో సర్దడం మొదలుపెట్టాడు. శర్వాణి అది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"కోపమొచ్చిందా?"

"కోపమేటి మేడం. ఇల్లు కట్టించుకునేవోళ్ళని మీరెన్ని అడుగుతారు! పొద్దున్న ఎక్కడ కూకుంటారు, ఇంట్లో పెద్దోళ్ళు ఎన్ని మెట్లెక్కగలరు అని. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు."

ఆవిడ ముఖం కందిపోయింది. నమూనాలోని గోడలు ఒక్కొక్కటే పీకేసింది.

"ఇప్పుడడుగుతున్నాను. చెప్పండి."

పైడిరాజు పరదాలన్నీ పైకి లాగాడు. పడమటెండ మూడు దాటాక ఎక్కడ కొడుతుందో, ఏ మూల రోజంతా చల్లని వెలుగు ఉంటుందో నడుస్తూ చూపించాడు. మిగతావాళ్ళూ వచ్చి తలో మాటా అన్నారు. వెనక నుంచి ఎవరైనా చూస్తుంటే గీత సాగదంది ఒకమ్మాయి. శర్వాణి అన్నీ రాసుకుంది. ఉయ్యాల పోయింది.

ఉత్తరపు కిటికీ దగ్గర నన్నూ పైడిరాజునూ పెట్టారు. కానీ అతని మోకాళ్ళు ఇక నిలబడనివ్వవు. నా కాళ్ళు కోయాలన్నారు. శర్వాణి వెనకాడింది.

"పాతకాలపు పనితనం. పాడుచేయడమెందుకు?"

పైడిరాజు నా అంచు నిమిరాడు. "దీన్ని చూసి మురవడానికి చెయ్యలేదు మేడం."

రంపం పడ్డప్పుడు నొప్పి లేదని అనను. జానెడు పొట్టినయ్యాను.

అతను కుర్చీ లాక్కుని కూర్చుని, రెండు మోచేతులూ నామీద ఆన్చాడు. ఇన్నేళ్ళూ నాకు అతని వేలికొసలే తెలుసు. ఒక మనిషి అలసట ఎంత బరువుంటుందో ఆ రోజే తెలిసింది. కాసేపటికి పెన్సిలు అందుకున్నాడు.