దేవుడి గదిలో గెడ్డం బ్రష్షు

నేను ఒక బ్రష్షుని. పళ్ళు తోముకునేది అనుకోకండి, ఆ జాతి వేరు. గెడ్డానికి సబ్బు నురగ పట్టించడానికి పుట్టినదాన్ని. నున్నగా తిప్పి చేసిన నల్లకొయ్య పిడి, దాని నెత్తిన ఒత్తుగా గుప్పెడు వెంట్రుకలు. అవి ఏ జంతువువో నన్ను కొన్న ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ జంతువు బురదలో పొర్లి పెరట్లోకి వస్తే కామేశ్వరమ్మగారు చీపురు తిరగేసి వీధి చివరిదాకా తరుముతారు.

ఆవిడ భర్త సూర్యప్రకాశంగారు రైల్వేలో గార్డు. రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక ఫ్యాన్సీ షాపులో నన్నూ, గిన్నెలో పోసిన గుండ్రటి సబ్బునూ ముచ్చటపడి కొన్నారు. ఆ వారమే రిటైరయ్యారు. "ఇంక పచ్చజెండా లేదు, గెడ్డం గీయడమూ లేదు" అని హాయిగా తెల్లగెడ్డం పెంచేశారు. ఒక్క ముఖమైనా చూడకుండానే నేనూ రిటైరయ్యాను.

"కొత్తదేగా, మైలపడలేదు" అని కామేశ్వరమ్మగారు నన్ను దేవుడి గదిలోకి తీసుకుపోయారు. దీపపు కుందుల నగిషీల్లో ఇరుక్కున్న చింతపండు పిప్పి తీయడం నా ఉద్యోగమైంది. మడి కట్టుకుని మరీ నన్ను ముట్టుకునేవారు. గౌరవానికి లోటు లేదు. కానీ ఇత్తడికి గెడ్డం మొలవదు కదా! అదే నా దిగులు.

కొడుకు ఫణి దగ్గర ఒక పొడుగు డబ్బా ఉండేది. నెత్తి మీద నొక్కితే తుస్సుమని నురగ కక్కేది. పుదీనా వాసన, బోలెడు టెక్కు. ఆ నురగ రెండు నిమిషాల్లో పూసుకుని, గీసుకుని ఆఫీసుకు పరిగెత్తేవాడు.

కోడలు వాసంతి నీళ్ళోసుకుంది. "పెళ్ళాం కడుపుతో ఉండగా గెడ్డం గీయకూడదు" అని కామేశ్వరమ్మగారి ఆజ్ఞ. ఫణి అడవిలా పెంచాడు. ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్ళాక కత్తెరతో పొదలు కొట్టి, డబ్బా నురగతో గీసుకుని, కూతుర్ని ఎత్తి చెంపకు చెంప ఆనించాడు.

పిల్ల కెవ్వుమంది.

ముదిరిన గెడ్డం. నురగ పైపైన కూర్చుంది, బ్లేడు సగం వదిలేసింది. చెంపలంతా ఎర్రటి పొక్కులు, మధ్యలో ముళ్ళు. రోజూ అదే తంతు. తాతయ్య మెత్తటి గెడ్డంలో గువ్వలా పడుకునే పిల్ల, నాన్న ముఖం దగ్గరికొస్తే చాలు, శోకాలు పెట్టేది.

"మీ చెంప మీద కొబ్బరి కోరుకోవచ్చండీ" అంది వాసంతి.

ఫణి నవ్వలేదు. తెల్లారితే బారసాల. బంధువులందరి ముందూ చెంప ఆనించి బిడ్డ చెవిలో పేరు చెప్పాల్సింది తండ్రే. "అందరూ చూస్తుండగా నన్ను చూసి ఏడుస్తుందమ్మా" అన్నాడు.

బారసాల పొద్దున సూర్యప్రకాశంగారు కొడుకు చేతిలో డబ్బా లాగేసుకున్నారు. "వెంట్రుక నానాలిరా! ఏమే, నా బ్రష్షేదీ?"

"దేవుడి దాన్ని గెడ్డానికిస్తానా? అపచారం!"

"అసలది గెడ్డందేనే తల్లీ!"

కామేశ్వరమ్మగారు దేవుడి గదిలోకి చూశారు, ఉయ్యాలలోకి చూశారు. "మనవరాలి కోసం ఇస్తున్నా. గెడ్డం తగిలాక మళ్ళీ నా గడప తొక్కకూడదది" అని నన్ను కుంకుడు రసంలో కడిగి ఇచ్చారు.

వేణ్ణీళ్ళలో మునిగాను. ఒళ్ళు విచ్చుకుంది. ఇన్నేళ్ళూ గిన్నెలో ఎండిన సబ్బు మీద గుండ్రంగా తిరిగేసరికి చిక్కటి నురగ, మీగడలా. "తొందరపడకు, తిప్పు" అంటున్నారు పెద్దాయన. ఫణి చెంప మీద తిరిగాను. పడుకున్న ప్రతి వెంట్రుకనీ లేపాను, మొదలంటా నానబెట్టాను. నేను దేనికి పుట్టానో ఆ పని నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది. బ్లేడు వెన్న మీద నడిచినట్టు నడిచింది. ఫణి చెంప తడుముకుని, నమ్మకం చాలక మళ్ళీ తడుముకున్నాడు.

పంతులుగారు పిలిచారు. కిటికీ గట్టు మీద తడిగా నిలబడి నేనూ చూస్తున్నాను. పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాసి, ఫణి వంగాడు. చెంప ఆనింది. అందరూ ఊపిరి బిగబట్టారు.

"మంజీరా..."

పిల్ల ముఖం తిప్పింది. ఏడవలేదు. మెత్తగా ఉందేమో, నోరు తెరిచి నాన్న చెంప చప్పరించడం మొదలెట్టింది.

"అయ్యో, పాలనుకుందే!" అంది వాసంతి. ఇల్లంతా ఘొల్లున నవ్వింది. ఫణి మాత్రం కదల్లేదు. ఆ చెంప మీద కన్నీళ్ళు జారుతున్నా తుడుచుకోలేదు, పిల్ల ఎక్కడ వదిలేస్తుందోనని.

ఇప్పుడు నా చోటు అద్దం పక్కన. ఆ డబ్బా పాతసామాన్లవాడి బండెక్కింది. కామేశ్వరమ్మగారికి కుందులు కడిగే దిక్కు లేక, "ఒరేయ్, అచ్చం అలాంటిదే ఇంకోటి తేరా, దేవుడికి" అని కొడుకును పంపారు. తెచ్చాడు. ఆవిడ మడి కట్టుకుని, కళ్ళకద్దుకుని మరీ తీసుకున్నారు.

దాని వెంట్రుకలు చూడగానే మా జాతిదేనని గుర్తుపట్టాను. అదీ నన్ను చూసింది. ఇద్దరం నోరు మెదపలేదు.