ముందే నింపిన గడులు

పల్లంరాజు కంప్యూటరు ప్రోగ్రాములో మెట్ల కొలతల కోసం కొత్త గడి చేరుస్తున్నాడు. వణుకుతున్న కుడిచేతి మణికట్టును ఎడంచేత్తో పట్టుకుని, చూపుడువేలితో ఒక్కో అక్షరం పొడుస్తున్నాడు. ఇదంతా అయ్యాక తెర మీద ఓ పెట్టె తెరుచుకుంటుంది. అందులో పొడవుకో గడి, వెడల్పుకో గడి, దూలం లోతుకో గడి. కొలతలు కొట్టి ఓకే నొక్కితే ఇంటి బొమ్మ దానంతటదే గీసుకుంటుంది. మధ్యలో ఒక్క బ్రాకెట్టు తక్కువైనా పెట్టె తెరుచుకోదు. వెధవ బ్రాకెట్లు!

ఏళ్ల తరబడి ఇంకు పెన్నుతో ఇళ్ల ప్లాన్లు గీసిన మనిషి. చెయ్యి వణకడం మొదలయ్యాక రాజమండ్రిలో తనకిక పనెవరిస్తారని బెంగపెట్టుకున్న రోజుల్లోనే ఈ దానవాయిపేట ఇంజనీరుగారి ఆఫీసుకి కంప్యూటరు వచ్చింది. వేలికి శ్రమ తగ్గించుకోవాలని, పుస్తకం చూసి తనే ఈ పెట్టె రాయడం నేర్చుకున్నాడు.

గడులు ఖాళీగా ఉంచడం మాత్రం అతని వల్ల కాలేదు. పుట్టింది భీమవరం పక్క. పెళ్లిళ్లలో పంక్తి వెంట తిరిగి, వద్దు బాబోయ్ అని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి నెయ్యి పోసే రకం. ఖాళీ విస్తరి ముందు మనిషిని కూర్చోబెట్టడమేంటి, తప్పు కాదూ! అందుకే పెట్టె తెరవగానే ప్రతి గడిలోనూ ఓ అంకె సిద్ధంగా ఉండేటట్టు రాశాడు. మామూలు గదులకి సరిపోయే అంకెలే. కావలసినవాళ్లు మార్చుకుంటారు కదా అనుకున్నాడు.

పదింటికి సెంట్రింగు మేస్త్రి యెహెజ్కేలు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంజనీరుగారు లేరాండీ?"

"అన్నవరం వెళ్లారు, వ్రతానికి. రా, టీ తాగు."

"మీ చేత్తో టీ పుచ్చుకోకుండా ఈ గుమ్మం దాటినోడున్నాడాండీ!" నవ్వుతూనే నిలబడి తాగాడు. "మోరంపూడి పోర్టికో సెంట్రింగు ఇయ్యాళ ఊడదీసేత్తన్నామని చెప్పండి. గడువు నిండిపోయింది."

"అలాగే. జాగ్రత్త."

"మీరు కంప్యూటర్లో గీశాక ఇంక జాగ్రత్తేంటండి!" అని వెళ్లిపోయాడు.

కాసేపటికి పక్క సీటు సత్యకుమారి కొత్త ఇంటి ప్రింటు తీసి బల్ల మీద పరిచింది. పల్లంరాజు కళ్లజోడు సర్దుకుని చూశాడు. హాలు మీద దూలం పొడుగు పదహారడుగులు. లోతు తొమ్మిదంగుళాలు. అడుగు పొడుగుకి అంగుళం లోతైనా ఉండాలన్నది వాళ్లకి నోటిలెక్క.

"ఇదేంటమ్మా, తొమ్మిదేంటి?"

"అది ముందే నిండి ఉందిగా రాజుగారూ. కంప్యూటరే లెక్కకట్టి పెట్టిందనుకున్నానండి."

కంప్యూటరు లెక్కకట్టడమేంటి! ఆ అంకె తను పెట్టింది, ఊరికే, మర్యాదకి.

"మోరంపూడి పోర్టికో ఎవరు గీశారు?"

"నేనేనండి."

ఫైలు తెరిచాడు. పద్దెనిమిదడుగుల దూలం. తొమ్మిదంగుళాలు. కింద ఇంజనీరుగారు చూడకుండానే పెట్టేసిన సంతకం. ఓరి దేవుడా! ఇంతమంది చేతులు మారింది, ఒక్కడైనా ఇదేంటని అడగలేదా? అడగరు. కంప్యూటరు గీసింది కదా!

పల్లంరాజు చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదకి పరిగెత్తాడు. ఆ సైటుకి ఫోను లేదు. దొరికిన ఆటో ఎక్కి, "పోనీ నాయనా, పోనీ" అంటూనే ఉన్నాడు. స్లాబు కింద ఊతంగా నిలబెట్టిన ఒక్క బాదు కూడా తియ్యకుండా ఉంటే చాలు. ఇప్పటికింకా టీలూ బీడీలూ కానిస్తూ ఉంటారు, మేకులు ఊడపీకడానికే బోలెడు సేపు పడుతుంది అని తనకి తనే చెప్పుకున్నాడు.

సైటు దగ్గర అరుపులేం లేవు. అది చూసి ప్రాణం లేచొచ్చింది. ఆటో దిగి నాలుగడుగులు వేశాక కనిపించింది. పోర్టికో లేదు. దాని చోట సిమెంటు పెళ్లలూ, వంగిన చువ్వలూ, విరిగిన సరుగుడు బాదులూ. చుట్టూ కూలీలు తెల్లబోయి నిలబడి ఉన్నారు. ఏడవడం కూడా ఇంకా ఎవరికీ తట్టలేదు.

"ఆఖరి బాదు తనే తీత్తానన్నాడండి మేస్త్రి. మమ్మల్నందర్నీ ఎడంగా ఉండమన్నాడండి," అంది ఇటుకలు మోసే రత్నమాణిక్యం. ఆ మాటే మళ్లీ అంది.

పెళ్లల కింద నుంచి ఒక చెయ్యి బయటికుంది. పల్లంరాజు దాని పక్కన కూలబడి, ఆ చేతిని పట్టుకున్నాడు. ఇంకా వెచ్చగానే ఉంది.

"ఆ తొమ్మిది నేనే పెట్టానండి," అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. ఒకావిడ చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇవ్వబోయింది. అతను తల అడ్డంగా ఊపి, మళ్లీ అదే మాట చెప్పాడు.

ఇంటి గోడలోంచి పొడుచుకొచ్చిన చువ్వకి, పనిలోకి దిగే ముందు యెహెజ్కేలు విప్పి తగిలించిన ఇస్త్రీ చొక్కా, గాలికి ఎగిరిపోకుండా పై గుండీ పెట్టి, వేలాడుతోంది.