పాత గోడ, కొత్త గచ్చు

వినోదకు యారాలంటే కుళ్ళు. దాచుకోవడానికేముంది, ఇచ్చోడలో సగం మందికి తెలిసిన ముచ్చటే. రోడ్డు వెడల్పులో వినోద ఇల్లు పోయింది. దాని వెనక గల్లీలోనే మరిది పెళ్ళాం మమతారాణి కొత్తిల్లు లేస్తోంది. దుబాయిలో ఉన్న మొగుడికి ఆమె పొద్దస్తమానం ఫోను పట్టుకుని గోడగోడా తిప్పి చూపిస్తుంది. పక్కనే కిరాయి గదిలో కూర్చుని ఆ మురిపెమంతా వినోద వినాలి.

అది చాలదన్నట్టు, కూలిన వినోద ఇంటి పెళ్ళలనే మిషన్లో కంకర కొట్టించి మమతారాణి వాకిలి గచ్చుకు తెచ్చి పోశారు. "తీస్కపోండి, నాకెందుకు" అన్నది వినోదే. గుంతలు పూడ్చడానికి పోతాయనుకుంది. తీరా కుప్ప దగ్గరికెళ్ళి చూస్తే ముక్కలకు తన వంటింటి నీలం సున్నం అంటుకునే ఉంది.

మేస్త్రి పరశురాములు సాయంత్రం ఇంటికి పోతూ గట్టిగా చెప్పాడు. "గిది కొత్త కంకర లెక్క గాదు, మస్తు నీళ్లు గుంజుతది. ఇయ్యాల్నే అడుగు దాంక నానబెట్టాలె. లేకుంటే సిమెంటు మాల్‌ల నీళ్లన్ని గదే తాగుతది, గచ్చు పర్రెలు పడ్తది."

"మా అక్క ఉన్నది గద, జూస్తది" అంటూ మమతారాణి పైపు తెచ్చి వినోద చేతిలో పెట్టింది.

వినోద చూసింది. బాగానే చూసింది. కుప్ప పైపైన నల్లబడేలా చిలకరించి, నల్లా కట్టేసి, హాయిగా వెళ్ళి పడుకుంది. పగలనీ, ఆ పగుళ్లు కూడా దుబాయికి చూపించుకోనీ అనుకుంది.

పొద్దున కాంక్రీటు కలిపే మిల్లర్ తిరిగింది. పోసిన మాలు పోసినట్టే బిర్రుగా గట్టిపడిపోయింది, తాపీకి సాగలేదు. పరశురాములు కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుప్పెడు పొడి దుమ్ము తీశాడు.

"ఎవలు తడిపిన్రు గిది?"

వినోద కూలీల వెనక్కి జరిగింది. ఈ సంగతి బయటపడితే గల్లీలో ముఖమెట్లా చూపించాలి? అంతలో మమతారాణి ముందుకొచ్చింది.

"నేనే మేస్త్రీ. అక్కకు నడుము నొస్తున్నదని నేనే పట్టిన. నీళ్లు కిందికి దిగనట్టున్నయ్."

మేస్త్రి తిట్లన్నీ మమతారాణి మీద పడ్డాయి. తలొంచుకుని నిలబడ్డ ఆమెను కూలీలు జాలిగా చూస్తున్నారు. బతికిపోయానని వినోద సంతోషించాలి. చేతకాలేదు. ఇల్లు దానికే, వాకిలి దానికే. ఆఖరికి మంచితనం కూడా దానికేనా?

"అబద్ధమాడ్తున్నది" అని అరిచింది. "తడపంది నేను. కావాల్ననే తడపలే."

మిల్లర్ ఆగిపోయింది. మమతారాణి కళ్ళు నిండాయి. "నేను నీకేం జేసిన అక్కా?"

"ఏం జెయ్యలే. నా వంటిల్లు నీకు వాకిలైతాంది. రేపట్నుంచి అందరు దాని మీద చెప్పులతోని నడుస్తరు. గసొంటిదానికి నేనే నీళ్లు పొయ్యాల్నా?"

కుప్ప అంచున చెప్పులతోనే నిలబడ్డ మమతారాణి, కాళ్ళ కింది నీలం ముక్కలు చూసి చప్పున కిందికి దిగింది.