సర్కారు పత్తికాయలు

ఆకలి పిల్లలకి లోకంలో ప్రతిదీ తిండే. కుంఫిణీ దొరతనంలో, తమిళ దేశంలోని పల్లడానికి తూర్పున ఉన్న నల్లరేగడి ఊళ్ళలో పిల్లలు చింతగింజలు వేయించి, నానబెట్టి, పూటంతా బుగ్గన పెట్టుకునేవాళ్ళు. తొలి వాన పడితే తడిసిన గోడమట్టి గిల్లి చప్పరించేవాళ్ళు. పళని వెళ్ళినవాళ్ళు విబూది తెస్తే, పెద్దవాళ్ళ నుదుటికి చేరకముందే సగం పిల్లల నాలుకల మీద కరిగిపోయేది. అన్నిటికన్నా మోజు మాత్రం లేత పత్తికాయ మీద.

పువ్వు రాలి కాయ కట్టాక, లోపలి పదార్థం ఇంకా దూది కాకముందు కోయాలి. పచ్చటి తొక్కని పంటితో చీలిస్తే తెల్లటి తడి తొనలు తాటిముంజెలా జారి నోట్లో పడతాయి. ముందు తీపి, వెనకాలే వగరు. పెద్దవాళ్ళు చూస్తే వీపు చీరేసేవాళ్ళు. పిల్ల కడుపులోకి పోయిన కాయ నూలు కాదు కదా.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం వాళ్ళే దగ్గరుండి తినిపించేవాళ్ళు. అక్కడి తెలుగు నాయుళ్ళ ఇళ్ళలో అదొక సాంగ్యం. తొలి ఏరుడుకి ముందు ఇల్లాలు తన బిడ్డని చేలోకి తీసుకుపోయి, ఈశాన్యం మూల చెట్టుకి పాలు చిలకరించి, ఒక లేత కాయ కోసి, తాను కొరికి, మిగతాది బిడ్డ నోట్లో పెట్టాలి. బిడ్డ తినని చేలో కాయ నోరు తెరవదని వాళ్ళ నమ్మకం. నాలుగు తరాల కింద ఆంధ్ర నుంచి ఏం తెచ్చుకున్నారో ఏం పారేసుకున్నారో వాళ్ళకే తెలియదు గాని, ఈ సాంగ్యాన్ని మాత్రం ఒక్క ఇల్లూ వదల్లేదు.

ఆ ఏడు చెల్లప్ప నాయుడి మంచి మడిలో ఎప్పుడూ వేసే నాటురకం ఉప్పం పత్తి వెయ్యలేదు. సముద్రం అవతలి నుంచి తెప్పించిన విత్తనం వెయ్యమని సర్కారు హుకుం. వెయ్యనంటే ఏమవుతుందో అడిగి తెలుసుకునే పని లేదు, అందరికీ తెలుసు. దొర వచ్చి చూసేదాకా ఒక్క కాయ మీద కూడా చెయ్యి పడకూడదని కచ్చేరి బంట్రోతు మునిసామి నడుముకున్న ఇత్తడి బిళ్ళ తడుముకుంటూ వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. పడితే ఏం చేస్తారో కూడా చెప్పేవాడు. మనిషిని వంచి, మెడనీ కాలి బొటనవేళ్ళనీ ఒకే తాడుతో బిగించి, వీపు మీద రాయి పెడతారు. దొరలకి ఈ సంగతి తెలియదని దొరలే అనేవాళ్ళు. కిందటి ఎండాకాలం పక్క ఊరి నాయుడొకడు ఆ రాయి కింద నుంచి లేచాడు గాని, మళ్ళీ నిటారుగా నడవలేదు.

చెల్లప్ప భార్య కమలమ్మాళ్‌కి దిగులు పట్టుకుంది. చుట్టుపక్కల చేలల్లో ఉప్పం కాయలు ముదిరి పగుళ్ళు ఇస్తున్నాయి. ఈ సీమ కాయలు కోడిగుడ్డంత అయ్యాయి గాని పచ్చగా, బిగించిన పిడికిళ్ళలా అట్లాగే ఉన్నాయి. ఇవి పగలకపోతే ఆ రాయి తన మొగుడి వీపు మీదికే. ఆమెకి తెలిసిన మందు ఒక్కటే. ఒక పొద్దున చెల్లప్ప సంతకి పోగానే, పాలచెంబు తీసుకుని కూతురు వాసుకిని వెంటబెట్టుకుని చేలోకి నడిచింది.

అక్కడ ఆరాయి అనే పిల్ల ఉంది. చెల్లప్ప కొట్టంలో పేడ ఎత్తే రక్కమ్మాళ్ కూతురు. మాదారి అనే అంటరాని కులం పిల్ల. వాసుకి కన్నా కాస్త పెద్దది. మేకలు సర్కారు మడిలో పడకుండా తోలడం దాని పని. ఆ తల్లీ కూతుళ్ళది కూడా తెలుగే. ఆ తమిళ దేశంలో నాయుడూ మాదారీ ఒకే మాట మాట్లాడతారు, ఒకే బావి నీళ్ళు మాత్రం తాగరు.

"ఇది సర్కారు కాయ కదమ్మా," అంది ఆరాయి.

"నీ మేకల్ని నువ్వు చూసుకోవే."

కమలమ్మాళ్ పాలు చిలకరించింది, కాయ కోసింది, ఓరగా కొరికి మిగతాది వాసుకి నోట్లో పెట్టింది. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి.

"మన కాయ కన్నా తీపుగా ఉండాదమ్మా. ఇంగొకటి."

"ఒకటే. సాంగ్యానికి ఒకటే."

"ఆరాయికి?"

ఆరాయి గుటక వేసింది. ఆ గుటక కమలమ్మాళ్ చూసింది. మాదారి బిడ్డకి సాంగ్యపు కాయ పెట్టడం ఆ ఇంటి వాడుకలో లేదు. చూడనట్టు చెంబు ఎత్తుకుని, కూతురి రెక్క పట్టుకుని ఇంటి దారి పట్టింది.

రుచి మరిగిన పిల్ల ఊరుకుంటుందా. ఇంట్లో అందరూ కునుకు తీసే ఎండపూట వాసుకి చేలోకి జారుకునేది. చెట్టు కింద కూర్చుని తిని, తొక్కలు కుప్ప పోసి వచ్చేది. మునిసామి మళ్ళీ వచ్చేసరికి గట్టు వారన సాలు సాలంతా బోడిగా నిలబడి ఉంది.

"ఇదు యార్ వేలైంగ?" అని తమిళంలో మొదలుపెట్టి, నాయుళ్ళతో మాట్లాడుతున్నానని గుర్తొచ్చి, మర్యాదకి మాట చివర తగిలించే 'ఇంగ' మాత్రం వదలకుండా తెలుగులోకి దిగాడు. "ఎవరి పనింగ ఇది, నాయుండ్లుగారూ?"

"ఎలుకలేమో," అన్నాడు చెల్లప్ప.

"మీ ఊరి ఎలుకలు భలే పద్ధతిగలవింగ. తొక్క ఒలిచి, కుప్ప పెట్టి, పక్కన కూర్చున్న గుర్తు కూడా వదిలి పోయినాయి."

చెల్లప్పకి నిజంగానే తెలియదు. తెలియనివాడికి వేలు చూపించడం తేలిక. గట్టు మీద నిలబడ్డ ఆరాయిని చూపించాడు. "అదుగో, పొద్దస్తమానం ఈడే ఉంటాది. ఇంగెవరు తింటారు?"

"నేను తినలేదుంగ సామీ."

"మరి తినింది ఎవరో చెప్పు."

ఆరాయి చెప్పలేదు. మునిసామికి మజ్జిగ తెచ్చి నిలబడ్డ కమలమ్మాళ్ వైపు ఒక్కసారి చూసి, కళ్ళు కిందికి దించుకుంది. కమలమ్మాళ్ చెంబు మునిసామి చేతికి అందించింది.

మునిసామి మజ్జిగ తాగి మూతి తుడుచుకున్నాడు. "పిల్లని వంచితే ఎముక విరుగుతుంది, అది మనకి గొడవ. దీని అమ్మని రేపు పొద్దున చావడికి పంపించండి."

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కమలమ్మాళ్ మొగుడికి అంతా చెప్పేసింది. సాంగ్యం సంగతి, పిల్ల సంగతి. చెల్లప్ప కొట్టలేదు. అరవలేదు. చాలాసేపు తన నడుము తానే నొక్కుకుంటూ కూర్చున్నాడు.

"ఇంగెవరికైనా చెప్తివా?"

"లేదు."

"చెప్పొద్దు. మాదారిది కాబట్టి రాయితో పోతాది. మనమని తెలిస్తే రాయీ తప్పదు, మడీ మిగలదు." లేచి నిలబడ్డాడు. "పాపను ఎవురైనా అడుగుతారు. ఏం చెప్పాలో నేర్పు."

కమలమ్మాళ్ నేర్పింది. వాసుకి వేళ్ళకి అంటిన పత్తికాయ కర ముదిరి నల్లబడింది. చింతపండూ బూడిదా కలిపి రుద్దుతూ నేర్పింది.

"కాయలు ఎవురు తినింది పాపా?"

"నేను."

"కాదు. ఆరాయి."

"ఆరాయి తినలేదమ్మా. నేను ఇస్తానంటే కూడా వద్దనింది."

కమలమ్మాళ్ ఇంకా గట్టిగా రుద్దింది. "నేను చెప్పినట్టు చెప్పు. నేను తినలేదు. ఆరాయి తినింది."

"నేను తినలేదు. ఆరాయి తినింది."

"ఇంగోసారి."

పిల్ల తెలివైనది. త్వరగా పట్టేసింది. బాగా చెప్పినందుకు కమలమ్మాళ్ బెల్లం ముక్క కూడా పెట్టింది. భయం ఎంత నీచపు పనులు చేయిస్తుందో భయపడేవాళ్ళకి ఆ క్షణంలో తెలియదు. తెల్లారాక తెలుస్తుంది.

తెల్లారాక కొట్టంలో చీపురు చప్పుడైంది. రక్కమ్మాళ్‌ని వదిలేశారేమో అనుకుని కమలమ్మాళ్ పరుగున వెళ్ళింది. ఆరాయి పేడ ఎత్తుతోంది. తట్ట దాని తలకన్నా వెడల్పు.

"మీ అమ్మేదే?"

"చావడి కాడ. పని ఆగిపోతే మీరు కోపిస్తారని నన్ను పంపించింది."

కమలమ్మాళ్ దానికి అడ్డంగా వచ్చి నిలబడింది. "నువ్వు చూస్తివి కదా, వాసుకి తింటా ఉంటే."

"చూస్తిని."

"మరి ఏమిటికి చెప్పలేదు?"

"అమ్మ వద్దనింది. చెప్తే ఈడ పని పోతాదంట." ఆరాయి తట్ట కిందికి దించి, చేతులు గోడకి రుద్దుకుంది. "ఆ రాయి ఎంతసేపు పెడతారమ్మా?"

కమలమ్మాళ్ ఇంట్లోకి పోయి, జొన్న సంగటి తింటున్న వాసుకిని చెయ్యి కూడా కడగనివ్వకుండా ఎత్తి చంకనేసుకుని బయటపడింది. నాయుళ్ళ ఆడవాళ్ళు చావడి వైపు తల తిప్పి కూడా చూడరు. ఆమె వీధి మధ్యన నడిచింది. వెనకాల ఆరాయి.

చావడి ముందు ఎండలో రక్కమ్మాళ్ వంగి ఉంది. మెడ నుంచి బొటనవేళ్ళకి తాడు. వీపు మీద రాయి. మొహం కనపడదు. ముక్కు నుంచీ నోటి నుంచీ కారింది మట్టిలో చిన్న మడుగు కట్టింది. అరుగు మీద నీడన ఊరి పెద్దలూ చెల్లప్పా మునిసామీ కూర్చున్నారు.

"ఇంట్లో పని లేదా?" అన్నాడు చెల్లప్ప.

"ఆ కాయలు తినింది నా బిడ్డ," అంది కమలమ్మాళ్. "తినిపించింది నేను. సాంగ్యం చేస్తిని. ఆమెను దించండి."

మునిసామి ఆమెనీ, చెల్లప్పనీ మార్చి మార్చి చూసి, తీరిగ్గా నవ్వాడు. నాయుడి పెళ్ళాం మీద నేరం రాస్తే పోయేది ఆ ఇంట్లో తనకి దక్కే మజ్జిగేనని వాడికి తెలుసు.

"అమ్మా, మీ మనసు పెద్దదింగ. పావం, జాలి పట్టలేక మీ నెత్తిన వేసుకుంటా ఉండారు."

"తల్లి మనసు అట్లాటిదే," అన్నాడొక ముసలి నాయుడు. "చెల్లప్పా, నీ పెండ్లాము పుణ్యవతి రా."

"పుణ్యం లేదు, గిణ్యం లేదు. నిజం చెప్తా ఉండా. కావాలంటే పాపను అడగండి."

మునిసామి అరుగు దిగి, తల్లి చంకనున్న వాసుకి మొహం దగ్గరికి వంగాడు. "చెప్పు పాపా. సర్కారు కాయలు నువ్వు తింటివా?"

వాసుకి నాన్నని చూసింది. వంగి ఉన్న రక్కమ్మాళ్‌ని చూసింది. చివరికి అమ్మని చూసింది, చెయ్యి వెనక్కి దాచుకుంది. పాఠం అప్పజెప్పినట్టు, ఒక్క అక్షరం తడబడకుండా చెప్పింది.

"నేను తినలేదు. ఆరాయి తినింది."

అరుగంతా నవ్వింది. చెల్లప్ప అందరికన్నా ఆలస్యంగా నవ్వాడు.

"వాసుకీ, నిజం చెప్పవే," అంది కమలమ్మాళ్.

"నేను తినలేదు. ఆరాయి తినింది," అంది పిల్ల మళ్ళీ, ఈసారి ఇంకా గట్టిగా.

కమలమ్మాళ్ కూతుర్ని దించి, తానే వెళ్ళి రాయి పట్టుకుంది. మునిసామి ఒక అడుగు వేసి ఆగిపోయాడు. నాయుడి పెళ్ళాం మీద చెయ్యి వెయ్యలేడు. మాదారి మనిషి వీపు ముట్టుకున్న ఇల్లాలిని చూసి అరుగు మీదివాళ్ళు గొణిగారు. రాయి ఆమె బలానికి లొంగేది కాదు. పక్కకి దొర్లించింది. అది దొర్లుతూ రక్కమ్మాళ్ నడుము చర్మాన్ని గీరుకుపోయింది. తాడు ముడి గోళ్ళకి రాకపోతే పళ్ళతో లాగింది. ముడి వదలగానే రక్కమ్మాళ్ వంగిన మనిషి వంగినట్టే పక్కకి ఒరిగిపోయింది.

"సరింగ, పోదుం, ఇంక చాలు," అన్నాడు మునిసామి, చూసేవాళ్ళ ముందు మాట పోకూడదు కాబట్టి. "అమ్మ అడిగింది. అమ్మ మొహం చూసి వదిలేస్తా ఉండా. ఏయ్, అమ్మకి దండం పెట్టు."

రక్కమ్మాళ్‌కి అంతా తెలుసు. ఎవరు తిన్నదీ, ఎవరు దాచిందీ, ఎవరు ఆలస్యంగా వచ్చిందీ. నేల మీద పడి ఉన్నదే రెండు చేతులూ దగ్గరికి తెచ్చింది. వేళ్ళు సరిగా కలవలేదు.

"మీ పుణ్యమమ్మా," అంది.

కమలమ్మాళ్ ఆ చేతులు విడదీయబోయింది. రక్కమ్మాళ్ విడదీయనివ్వలేదు. మునిసామి ఇంకా చూస్తున్నాడు మరి.

ఆరాయి మాత్రం దండం పెట్టలేదు. తల్లి చంక కింద తల దూర్చి లేపడానికి చూస్తోంది. కమలమ్మాళ్ రెండో చంక పట్టుకోబోతే, ఆ పిల్ల తల ఎత్తకుండానే అంది.

"నిన్ననే చెప్పింటే ఏమమ్మా?"

బదులు కోసం అడిగిన మాట కాదది. తల్లిని లేపుకుని, నిలబెట్టలేక, వంగిన మనిషిని వంగినట్టే నడిపించుకుంటూ మాదారి వీధి వైపు పోయింది.

చెల్లప్ప వచ్చి భార్య మోచెయ్యి పట్టుకున్నాడు. ముసలి నాయుడు వెనక నుంచి, ఇట్లాంటి ఇల్లాలు ఉన్న ఇంట్లో ఏ కాయైనా పగులుతుందని, పండుతుందని ఏదో అంటున్నాడు. దారి పొడుగునా గడపల్లో ఆడవాళ్ళు ఆమెను చూసి చేతులు జోడించారు. కబురు అప్పుడే వాళ్ళకి చేరింది. ఆమె ఏం చెప్పిందో కాదు, ఎంత మంచిదో ఆ కబురు.

ఇల్లు దగ్గర పడుతుండగా వాసుకి అమ్మ కొంగు లాగింది.

"అమ్మా, నేను సరిగ్గా చెప్తినా?"

కమలమ్మాళ్ నడుస్తూనే ఉంది.

"నువ్వు నేర్పినట్టే చెప్తిని కదమ్మా. రెండుసార్లు చెప్తిని. సరిగ్గా చెప్తినా?"