ఇరవై రెండు కిటికీలు

డాక్టరు నడవమన్నాడు గానీ ఎటు నడవాలో చెప్పలేదు. ముప్ఫయ్యేళ్లుగా ఊళ్లో గోడలకు రంగులు వేస్తున్నదాన్ని, నాకు తెలియని వీధి ఉంటుందా అనుకుంటూ, షుగరు మీద కోపమంతా కాళ్లలో పెట్టుకుని నడిచాను. కలప గోదాముల వెనక సందు తిరగగానే ఆ ఇల్లు కనిపించింది.

విక్టోరియా రాణి కాలం నాటి ఇల్లు. ఎర్ర ఇటుక గోడలు, వీధిలోకి పొడుచుకొచ్చిన ముందుగది, చూరు అంచున చెక్కలో కోసిన లతలు, తలుపు పైన 1887 అని అంకెలు. కిటికీలు లెక్కపెట్టాను. ఇరవై రెండు, అన్నిటికీ ఒకటే ఆకుపచ్చ రంగు. గేటు పట్టుకుని గంటసేపు అలాగే నిలబడిపోయాను. పెళ్లయిన కొత్తలో కూడా మా ఆయన్ని అంతసేపు చూడలేదు.

అప్పుడు కళ్లబడింది, గేటుకు అతికించిన నోటీసు. గోడలు కుంగడం వల్ల కిటికీలన్నీ బిగుసుకుపోయాయట. సోమవారం ఇంజినీరు చివరిసారి చూసి వెళ్లాక ఇల్లు కూల్చేస్తారట. నాకసలే ముక్కు మీద కోపం.

"ఎవరు చెప్పారు కుంగాయని?" అన్నాను పైకే.

"ఇంజినీరు గారే చెప్పారమ్మా," అన్నాడు లోపలి నుంచి కాపలా ఆయన. "ఇంతకీ నీకేం కావాలి?"

"కిటికీలు చూడాలి, అన్నా."

"గంట నుంచీ చూస్తూనే ఉన్నావుగా!"

"లోపల్నుంచి చూడాలి."

కుదరదన్నాడు. మర్నాడూ వెళ్లాను, ఆ మర్నాడూ వెళ్లాను. నా పోరు పడలేక చివరికి తాళం తీశాడు.

ముందుగదిలో కిటికీ దగ్గరికే నేరుగా వెళ్లాను. అద్దాల్లో ఒక్క బీట లేదు. గోడ కుంగితే ముందు పగిలేది అద్దమే. ఇవి రెక్కలు తెరిచే కిటికీలు కావు, కింది అద్దాల పలకను పైకి జరిపే రకం. చట్రం లోపల తాళ్లకు ఇనుప బరువులు వేలాడుతూ పలకను మోస్తాయి. రంగు వేసినవాడు అది ఆరేలోగా పలకను రెండు మూడుసార్లు పైకీ కిందికీ జరపాలి. ఈ మహానుభావుడెవరో మూసిన కిటికీ మీదే, సందులు కూడా కనపడకుండా, మూడు పూతలు లాగించేశాడు. కిటికీ కాస్తా గోడలో కలిసిపోయింది. కుంగడమూ లేదు, గింగడమూ లేదు. ఆ పెయింటర్‌ని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ వంగి చట్రం కింది చెక్క అడుగు భాగం చూశాను.

రంగులో బొటనవేలి ముద్ర ఉంది. ముద్ర మధ్యలో అడ్డంగా ఏదో పాత గాయపు గీత.

అది మా నాన్న వేలు. పని నచ్చితే, ఇంటివాళ్లు చూడని చోట తడి రంగులో అలా ఒక ముద్ర వేసేవాడు. "చీమ దూరే సందు కూడా ఉండకూడదే" అని నాకు బ్రష్షు పట్టడం నేర్పింది ఆయనే. ఊళ్లో నలభై దాటిన పెయింటర్లందరికీ ఆయనే గురువు. నేనూ ఆ గొప్పతోనే ఎన్ని ఇళ్లలో కిటికీలు బిగించేశానో! ఒక వడ్రంగి నలుగురిలో చెడామడా తిట్టాకే నాకు తెలిసొచ్చింది. అప్పటికి నాన్న లేడు.

ఇంటికెళ్లి మా ఆయనకు చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను కూడా.

"ఎవరో పెయింటర్ చేసిన పనని చెప్పు, చాలు," అన్నాడు. "పోయినాయన పేరు ఇప్పుడు బజారుకెక్కించడం దేనికి?"

నిజమేననిపించింది. ఆ మాటే చెబుదామనుకున్నాను.

సోమవారం నిచ్చెన, కత్తి తీసుకుని ఇంజినీరు కంటే ముందే వెళ్లాను. ఆయన నా మాట విని పెదవి విరిచాడు.

"రంగుకే కిటికీ పట్టేస్తుందా అమ్మా? ఇద్దరు మనుషుల్తో నెట్టించాను. కదల్లేదు."

"నెడితే రాదు సార్. కోస్తే వస్తుంది. ఒక్క అరగంట ఇవ్వండి."

చట్రం చుట్టూ కత్తి దింపాను. ఆకుపచ్చ కింద తెలుపు, దాని కింద గోధుమ రంగు పెళ్లలుగా లేచాయి. పలక పట్టుకుని పైకి ఎత్తాను. ఊహూఁ. ఇంజినీరు గడియారం చూసుకున్నాడు. బయటివైపు గుర్తొచ్చి, నిచ్చెనేసి ఎక్కి అటు కూడా కోశాను. అరచేయి బొబ్బలెక్కింది. లోపలికొచ్చి మళ్లీ ఎత్తాను. టప్పున ఊడి, పలక పైకి జారింది. చట్రం లోపల బరువు దిగుతున్న చప్పుడు అందరికీ వినిపించింది.

కాపలా ఆయన చప్పట్లు కొట్టాడు. ఇంజినీరు మాత్రం కొట్టలేదు.

"ఇదొక్కటీ వచ్చిందమ్మా, సరే. మిగతావీ రంగుకే పట్టేశాయని ఎలా నమ్మమంటారు? అవి నిజంగా గోడ ఒరిగి బిగుసుకున్నాయేమో."

"అన్నీ ఒక్క చేతి పని సార్."

"మీకెలా తెలుసు?"

ఎవరో పెయింటర్ అంటే ఆ ఎవరో ఒక్క కిటికీకే అలా వేశాడంటాడు. ఇల్లు పోతుంది. నాన్న పేరు మాత్రం చల్లగా ఉంటుంది. చట్రం పట్టుకుని నిలబడ్డాను.

"మా నాన్న వేశాడు," అన్నాను. "కిటికీకి సందు కనపడటమే తప్పనుకునేవాడు. ఎక్కడైనా ఆయన పని ఇంతే. వంగి చూడండి, ప్రతిదాని కిందా ఆయన వేలిముద్ర ఉంటుంది."

ఇంజినీరు పక్కగదిలోకి వెళ్లి వంగాడు. తర్వాత మేడ మీది గదిలో వంగాడు. తిరిగొచ్చి, ముద్రలున్నాయని తలూపి కాగితం తీశాడు.

"ఇందులో రాయాలి. కారణం, పెయింటర్ చేసిన పొరపాటు. ఆయన పేరు?"

చెప్పాను. స్పష్టంగానే చెప్పాను. రాసుకున్నాడు.

"శుక్రవారం దాకా కూల్చరు. ఈలోగా మిగతా ఇరవై ఒకటీ తెరిచి చూపించండి. ఒక్కటి రాకపోయినా నేను చేసేదేమీ లేదు."

"వస్తాయి," అన్నాను.

ఆయన వెళ్లాక కాపలా ఆయన నా అరచేయి చూసి, "ఇవాల్టికి చాలమ్మా, రేపు చేద్దువుగాని," అన్నాడు. నేను బొబ్బ మీద గుడ్డ చుట్టుకుని నిచ్చెన రెండో కిటికీకి జరిపాను. రంగు రాయిలా ఉంది.

"ఇంత బాగా ఎందుకేశావు నాన్నా!" అని తిట్టుకుంటూ కత్తి దింపాను.