కుడి చెవి పాట

ఆసుపత్రి దుప్పటి మడతపెట్టడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. అటొకరు ఇటొకరు చెరి రెండు కొసలూ పట్టుకుని బిగలాగాలి. నిలువునా రెండు మడతలు వేసి, ఎదురెదురుగా నడిచి వచ్చి కలవాలి. కలిశాక ఒకరు తన కొసలు రెండోవారి చేతిలో పెట్టి, వంగి, కింద వేలాడుతున్న మడతను అందుకుని పైకి తేవాలి. ఇస్త్రీ అయిన దుప్పటి నేలకు తగిలిందా, మళ్ళీ ఉతుకుడు యంత్రంలోకే. ఒక్కో జతకి రోజుకు మూడు వందల దుప్పట్లు. ఆ హాల్లో ఆరు బల్లలుంటే, అయిదింటి దగ్గర అత్తల మీద ఫిర్యాదులూ మొగుళ్ళ మీద విసుర్లూ పకపకలూ. ఆరో బల్ల దగ్గర మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఎనిమిది నెలలుగా లేదు.

ఆరో బల్ల వాళ్ళిద్దరూ తోడికోడళ్ళు. హాల్లో అందరూ పెద్దామె, చిన్నామె అంటారు. పదకొండేళ్ళుగా ఒకే దుప్పటికి అటొకరు, ఇటొకరు. ఇంట్లోనూ అంతే, కింద వాటా పెద్దామెది, పై వాటా చిన్నామెది. ఇంత దగ్గరగా బతుకుతూ మాట్లాడుకోకుండా ఉండటానికి ఎంత ఒళ్ళు హూనం చేసుకోవాలో అది పడ్డవాళ్ళకే తెలుసు. మెట్ల మీద అడుగుల చప్పుడు వింటే తలుపు వెనకే ఆగాలి. నీళ్ళ మోటారు కట్టెయ్యమని చెప్పాలన్నా పిల్లల చేత కబురంపాలి.

తగువు పెద్దదేం కాదని పెద్దామె అనుకుంటుంది. తగువు ఎంతదో తగిలినవాళ్ళని కదా అడగాలి! ఒకరోజు చిన్నామె తన కూతుర్ని పరీక్ష దగ్గర్నుంచి తీసుకురావాలని డ్యూటీ నుంచి అరగంట ముందు జారుకుంది. "ఎవరైనా అడిగితే వార్డుకి దుప్పట్లు ఇవ్వడానికి వెళ్ళిందని చెప్పు అక్కా, మర్చిపోకు," అని మరీ మరీ చెప్పి వెళ్ళింది. తీరా సూపర్‌వైజరమ్మ వచ్చి అడిగే వేళకి పెద్దామె నిలువునా కూలిపోయేంత అలసిపోయి ఉంది. "ఇంటికెళ్ళిందండీ," అనేసింది. అబద్ధం ఆడే ఓపిక లేక నిజం చెప్పేసిన మనిషి ఆవిడ. ఆ ఒక్క మాటతో, మర్నాడో మూన్నాళ్ళకో చిన్నామెకి రావలసిన, హాలంతా అజమాయిషీ చేసే మేస్త్రీ పని మూడో బల్లావిడకి పోయింది.

"నేనేం లేనిది చెప్పానా?" అని మొదట్లో పెద్దామె బింకంగానే ఉంది. తర్వాత బింకం కూడా అలిసిపోయింది. తప్పయిందన్న ఒక్క ముక్క గొంతు దాకా వచ్చేది. ఇవాళ కాళ్ళు పీకేస్తున్నాయి, రేపు చూద్దాంలే అనుకునేది. అలా రేపు రేపంటూ ఎనిమిది నెలలు దొర్లిపోయాయి.

మాటలు లేని బల్ల దగ్గర యంత్రాల హోరు రెట్టింపుగా వినిపిస్తుంది. ఇంటికెళ్ళినా, అన్నం తింటున్నా, ఆరబెట్టే యంత్రం ఆవిడ చెవుల్లో తిరుగుతూనే ఉండేది. మూడు వారాల కిందట బస్సు కోసం నిలబడి, పక్కనే ఉన్న రిపేరు కొట్టులో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద మ్యూజిక్ ప్లేయరొకటి చూసింది. ఎవరో వాడి వాడి అమ్మేసినది. మూలలు అరిగిపోయి, దాని మొహం కూడా డ్యూటీ దిగినట్టే ఉంది.

"అందులో ఎవరివో పాటలున్నాయమ్మా. చెరిపేసి మీకు కావలసినవి ఎక్కిస్తాను, పావుగంట కూర్చోండి," అన్నాడు కొట్టు ముసలాయన.

"కూర్చుంటే మళ్ళీ లేవలేను బాబాయ్. ఉన్నవాటితోనే ఇచ్చెయ్యి," అంది పెద్దామె.

దాంతోపాటు ఇచ్చిన ఇయర్‌ఫోన్స్‌లో కుడి చెవిది పలకదని ఇంటికెళ్ళాక తెలిసింది. వెనక్కి పోయి పోట్లాడే ఓపిక ఎవరికుంది? ఒక చెవికి చాల్లే అనుకుంది.

పాటలకు పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. భాష ఏమిటో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మొదటి రెండు రోజులూ ఇదేం గోలరా బాబూ అనుకుంది. కొన్నిట్లో డప్పులు అచ్చం ఆరబెట్టే యంత్రంలాగే దడదడలాడుతుంటే ఠక్కున దాటేసేది. పదిహేడో నంబరు దగ్గర మాత్రం వేలు ఆగిపోయింది. కాస్త బొంగురుపోయిన ఆడగొంతు. వెనక ఏదో తీగ వాయిద్యం, అంతే. ఆమె ఒక చరణం పాడి ఆగిపోయేది. చాలాసేపు ఆగేది. తీగ మాత్రం మెల్లగా కదులుతూ ఉండేది. తర్వాత మళ్ళీ అందుకునేది.

పాపం, అలిసిపోయింది, అనుకుంది పెద్దామె. ఆవిడకి ఆ పాట నచ్చింది అందుకే. రేడియోలో పాడేవాళ్ళెవరికీ ఆయాసమే రాదు. ఈమెకి మాత్రం ఓపిక అయిపోతే ఆగుతుంది, ఎవరేమనుకున్నా సరే. బస్సులో కిటికీకి తల ఆనించి, ఆమె ఆగిన చోటల్లా పెద్దామె కూడా ఊపిరి వదిలేది. నలభై ఆరేళ్ళ జీవితంలో పక్కింటి గోడ లోంచీ, టీకొట్టు లోంచీ చెవిలో పడ్డ పాటలే తప్ప, తనకంటూ ఒక పాట ఉండటం అదే మొదలు.

ఇంతలో సోమవారం సూపర్‌వైజరమ్మ పిలిచింది. "నీ మోకాళ్ళు చూస్తే నాకే భయమేస్తోంది. వెనక భవనంలో కుట్టు గది ఖాళీ అయింది. చిరుగుల దుప్పట్లకి అతుకులు వెయ్యడమే, కుర్చీలో కూర్చునే పని. శనివారం డ్యూటీ దిగేలోగా ఏ సంగతీ చెప్పు," అంది.

ఎగిరి గంతెయ్యాల్సిన కబురు. గంతెయ్యడానికి మోకాళ్ళు లేకపోయినా మనసైనా వెయ్యాలి కదా, అది వెయ్యలేదు. తను వెళ్తే ఆరో బల్లకి ఇంకొకరు వస్తారు. రోజుకి మూడు వందల సార్లు ఎదురెదురుగా నడిచి వచ్చి ముఖాముఖీ నిలబడితేనే పెగలని నోరు, రేపు మెట్ల మీద ఎదురుపడితే పెగులుతుందా? ఇక జన్మకి పెగలదు. ఆ సంగతి పెద్దామెకి బాగా తెలుసు. తెలిసి కూడా మంగళ, బుధ, గురువారాలు నోరు కుట్టేసుకునే మడతలు వేసింది.

శుక్రవారం ఘోరం జరిగింది. డ్యూటీ దిగుతూ ఏప్రాన్ విప్పి, మాసిన బట్టల తొట్టిలో పడేసి, బస్సెక్కి, పదిహేడో పాట కోసం చెయ్యి పెడితే ప్లేయరు లేదు. ఏప్రాన్ జేబులో ఉండిపోయింది. కోట్ల జేబుల్లో పెన్నులు వదిలేసే డాక్టర్లని, "ఇంతింత చదువులు చదివారు, జేబు చూసుకోవడం రాదు!" అని పదకొండేళ్ళుగా తిట్టిపోస్తున్న మనిషి చేసిన పని అది. దిగి వెనక్కి పోదామంటే కాళ్ళు మొండికేశాయి. అగ్గిపెట్టెంత వస్తువు కోసం ఏడుపు రావడమేమిటని తనని తనే కసురుకుంది. అయినా వచ్చింది.

శనివారం పొద్దున ఆరో బల్ల మీద ప్లేయరు ఉంది. తడవలేదు. దాని చుట్టూ నీలం రంగు ఇయర్‌ఫోన్స్ చుట్టి ఉన్నాయి. తనవి తెల్లవి. ఈ వారం ఉతికేముందు మాసిన బట్టల జేబులు వెతికే వంతు ఎవరిదో గుర్తొచ్చి పెద్దామె తలెత్తింది. చిన్నామె గోడ గడియారం కేసి చూస్తోంది, ఎన్నడూ గడియారం చూడనట్టు. పెద్దామె పెదవులు కదిలాయి గానీ మొదటి దుప్పటి వచ్చేసింది.

మధ్యాహ్నం వెనక మెట్ల మీద కూర్చుని రెండు చెవులకీ పెట్టుకుంది. పదిహేడో నంబరు. బొంగురు గొంతు ఒక చరణం పాడి ఆగింది. అలవాటుగా ఊపిరి వదలబోయింది పెద్దామె. కుడి చెవిలో ఇంకో గొంతు లేచింది.

సన్నటి గొంతు, వయసులో చిన్నది. మొదటామె వదిలిన చోట అందుకుంది. ఆమె చెప్పినదానికి జవాబు చెబుతున్నట్టు, మధ్యలో కాస్త వెక్కిరిస్తున్నట్టు కూడా పాడింది. అది ఆగగానే మొదటామె. చివర్న ఇద్దరూ కలిసి. మూడు వారాలుగా తను జాలిపడిన మనిషి అలిసిపోయి ఆగలేదు. రెండోదాని వంతు కోసం ఆగింది.

పెద్దామె అన్నం డబ్బా మూత తియ్యకుండానే ఆ పాట మళ్ళీ విని, హాల్లోకి వచ్చింది.

ఆ పూట ఆవిడ కళ్ళు దుప్పటి మీద లేవు. చిన్నామె నడిచి వచ్చింది, కొసలు చేతిలో పెట్టింది, వంగింది, మడత పైకి తెచ్చింది. మళ్ళీ వచ్చింది, పెట్టింది, వంగింది. పెద్దామె పక్క బల్లల కేసి చూసింది. అక్కడ వంతులు, ఒకసారి ఈమె వంగితే ఒకసారి ఆమె. తను ఆఖరిసారి వంగిందెప్పుడు? నాలుగేళ్ళ కిందట మోకాలు మొదటిసారి పట్టేసిన రోజు. "నువ్వు వంగకు అక్కా, నేనున్నానుగా," అంది చిన్నామె. ఆ రోజు నుంచీ ఆమే వంగుతోంది. సరే, ఈ ఎనిమిది నెలలూ? చిన్నామె కొసలు చేతిలో పెట్టకుండా నిటారుగా నిలబడి ఉంటే చాలు, పెద్దామె చచ్చినట్టు వంగేది. అలా ఒక్క పూట కూడా నిలబడలేదు. మాట మానేసింది గానీ వంగడం మానలేదు. పెద్దామెకి తల తీసేసినట్టయింది.

డ్యూటీ దిగే గంట కొట్టే ముందు ఆఖరి దుప్పటి. గుమ్మంలో సూపర్‌వైజరమ్మ కుట్టు గది కాగితం పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి వచ్చారు. చిన్నామె కొసలు ఇవ్వబోయేలోగా, పెద్దామె తన కొసలే ఆమె చేతిలో కుక్కి వంగింది. మోకాళ్ళు ఫటఫటమన్నాయి. మడత అందింది గానీ నడుము లేవలేదు. సగంలో అలాగే ఉండిపోయి, నేల చూస్తూనే అంది.

"ఆ రోజు నువ్వు ఇంటికెళ్ళావని చెప్పకుండా ఉండాల్సింది. తప్పు నాదే చెల్లీ. చాలా పెద్ద తప్పు."

పక్క బల్లల కబుర్లు ఆగాయి.

"అన్నావు సరే," అంది చిన్నామె. ఎనిమిది నెలల తర్వాత అక్కతో అన్న మొదటి మాట అది. "ఇప్పుడెలా లేస్తావు?"

"తెలీదే."

పదకొండేళ్ళలో చిన్నామె చేతిలోంచి ఒక్క దుప్పటి జారలేదు. నాలుగు కొసలూ ఒక్కసారే వదిలేసింది. తెల్లటి ఇస్త్రీ దుప్పటి కుప్పగా నేల మీద పడింది. రెండు చేతులూ పెద్దామె చంకల కింద వేసి లేపింది. లేపాక కూడా వెంటనే వదల్లేదు.

"ఏమిటమ్మా ఇది? గంట కొట్టే వేళకి దుప్పటి పడేస్తారా?" అంటూ సూపర్‌వైజరమ్మ వచ్చింది.

"సోమవారం నుంచి కుట్టు గదికి వెళ్తానండీ," అంది పెద్దామె కళ్ళు తుడుచుకుంటూ. "ఈ ఒక్క దుప్పటీ ఉతికి మడతపెట్టి వెళ్తాం. ఆలస్యమైనా ఫరవాలేదు."

ఇద్దరూ యంత్రం ముందు బల్ల మీద కూర్చున్నారు. అద్దం వెనక ఆ ఒక్క దుప్పటే తిరుగుతోంది.

"పదిహేడోది నిన్న నేనూ విన్నాను," అంది చిన్నామె. "ఆ రెండోది ఎంత పొగరుగా పాడుతుందో చూశావా అక్కా?"

"చూశాను," అంది పెద్దామె. "బాగా పాడుతుంది."