దక్షిణం గోడకు నీళ్ళు

ఇంజనీరమ్మాయి సుత్తితో గోడ మీద కొడుతుంటే మణెమ్మ చీపురు పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయింది.

ఏలూరు దాటి కొల్లేటి వైపు పోయే రోడ్డులో, చేపల చెరువులు మొదలయ్యే చోట ఉంది ఆ ప్లాంటు. చుట్టుపక్కల కాలనీల మురుగునీరంతా అక్కడికి చేరి, తొట్టెల్లో తేరుకుని, శుభ్రమై కాలవలో పడుతుంది. కట్టి ముప్పై ఏళ్ళు దాటింది. గోడలు పెచ్చులూడి, లోపలి ఇనుము తుప్పుపట్టి పక్కటెముకల్లా బయటపడింది. ఏ తొట్టె బాగుచేసుకోవచ్చో, ఏది పడగొట్టాలో తేల్చి చెప్పమని ఆ ఇంజనీరు తేజస్విని పంపించారు.

"విన్నారా మామ్మగారూ? ఖంగుమంటే గోడ బతికున్నట్టు. ఇలా డబడబమంటే లోపల పొర విడిచేసినట్టు."

డబడబమన్నచోటల్లా మరమ్మతు మేస్త్రి జీవన్ సుద్దముక్కతో గీత గీస్తున్నాడు. మిగతా మూడు గోడల మీద అక్కడో గీత ఇక్కడో గీత. దక్షిణం గోడకి వచ్చేసరికి గీయడానికి చోటు మిగల్లేదు.

ప్లాంటు ఇన్‌చార్జి అమరేశ్వరరావు ముక్కుకి రుమాలు అడ్డంపెట్టుకుని వచ్చాడు. "దానికి అప్పుడే పురుగు పట్టిందండి. కట్టినప్పుడు ఎవడో మేస్త్రి ఉప్పుటేరు దగ్గర ఇసుక తెచ్చి కలిపేశాట్ట. నీళ్ళు నింపి చూస్తే ఆ గోడే కారింది. వాణ్ణి అప్పుడే గెంటేశారు. పాత ఫైల్లో ఉంది."

జీవన్ సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

"ఎవడో కాదండి. బాలస్వామి. మా నాన్న."

అమరేశ్వరరావు రుమాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, "నాకు తెలీదయ్యా" అని గొణిగాడు. తేజస్వి తల వంచుకుని సంచీలో ఏదో వెతికింది. మణెమ్మ మాత్రం ఊడ్చిన చోటే మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. జీవన్ బాలస్వామి కొడుకని ఆమెకప్పటిదాకా తెలియదు. వారం రోజులుగా అతనికి తన చేత్తోనే టీ ఇస్తోంది.

"ఉప్పు కలిసుంటే తొట్టె మొత్తం పడగొట్టాల్సిందేనండి, లోపల ఇనుముని తింటూనే ఉంటుంది" అంది తేజస్వి. "కానీ ముందు పరీక్ష చేయాలి. ఫైల్లో రాసినంత మాత్రాన ఉప్పు ఉన్నట్టు కాదు."

నాలుగు గోడలకీ చిన్న చిన్న బెజ్జాలు వేయించి, రాలిన పొడిని పొట్లాలు కట్టి ల్యాబుకి పంపింది. ఆ బెజ్జాల్లో నీళ్ళలాంటి మందేదో చల్లింది. మూడు గోడల్లో గోరు లోతు దాటగానే గులాబీ రంగు పొంగింది.

"పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది చూడండి మామ్మగారూ, అలాంటిదే. సున్నం గుణం ఉన్నంతవరకే ఈ రంగొస్తుంది."

దక్షిణం గోడ బెజ్జంలో రంగు రాలేదు. అంగుళం లోతుకి పోయినా రాలేదు. రెండంగుళాల దగ్గర ఎక్కడో సన్నగా కనబడింది. బూడిదలా ఉన్న ఆ బెజ్జం వంక చూడలేక, టీ గ్లాసులు కడగాలని చెప్పి మణెమ్మ అక్కణ్ణించి వచ్చేసింది.

ల్యాబు కాగితం మరో వారానికి వచ్చింది.

"ఉప్పు లేదండి" అంది తేజస్వి. ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. "ఏ గోడలోనూ లేదు. మీ నాన్నగారి ఇసుక శుభ్రంగా ఉంది. ఈ గోడ పోసిన కొత్తలో నీళ్ళు తాగలేదు, అంతే. పచ్చిగా ఉండగానే ఎండిపోయింది, ఆ రంగు రాకపోవడం అందుకే. పడగొట్టక్కర్లేదు, పాడైన పొర చెక్కేసి, ఇనుము తోమి, కొత్త పొర వేసుకుందాం."

జీవన్ అక్కడికక్కడే తండ్రికి ఫోను చేశాడు. అవతల గొంతు పక్కవాళ్ళందరికీ వినబడింది. "ఆ కాగితాలకేం తెలుసురా? నా ఇసుకలో ఉప్పుందని నాకు తెలీదా? నా ప్రాణం చల్లబడాలని నువ్వు కథలు చెబుతున్నావు. పెట్టెయ్."

జీవన్ ఫోను కిందికి దించాడు. "నమ్మడండి. ఎనభై దాటాయి. ఇంకెన్నాళ్ళుంటాడో తెలీదు. ఈ మాట మోసుకునే పోతాడు." ఉన్నట్టుండి మణెమ్మ వైపు తిరిగాడు. "పెద్దమ్మా, మీరప్పుడు ఇక్కడ పని చేశారటగా. నీళ్ళెవరు కొట్టేవారో గుర్తుందా? ఆ మనిషి ఒక్కమాట చెబితే నమ్ముతాడేమో."

"గుర్తులేదు బాబూ" అంది మణెమ్మ.

ముప్పై ఏళ్ళ కిందట ఓవర్సీరుతో ఆడిన అబద్ధం ఒకటి. ఇది రెండోది. మొదటిది ఆడినప్పుడు వయసులో ఉంది, పని పోతుందని భయం ఉంది. ఇప్పుడేం ఉంది?

గుర్తులేకపోవడమేమిటి! దక్షిణం గోడకి కాంక్రీటు పోసిన చెక్కలు విప్పిన రోజున బాలస్వామి మేస్త్రి తనని పిలిచి చెప్పిన మాట కూడా గుర్తుంది. "చంటిబిడ్డనుకో మణెమ్మా. దాహమేస్తే అడగలేదు. మనమే కనిపెట్టుకుని ఉండాలి." గోనెపట్టాలు కప్పి పధ్నాలుగు రోజులపాటు పూటకి మూడుసార్లు తడపాలి. రోహిణి కార్తె ఎండలు. ఒక్కరోజు తడిపింది. మర్నాడు చెల్లెలు రాజ్యం కువైట్ వెళుతోందని బెజవాడ దాకా దిగబెట్టడానికి పోయింది. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దామనుకుంది, అందుకే ఎవరికీ చెప్పలేదు. ఏజెంటు టిక్కెట్లు రేపంటాడు, మళ్ళీ రేపంటాడు. మూడు రోజులు ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నారు. ఏలూరు వచ్చే బళ్ళు కళ్ళముందే ఎన్నో వచ్చి పోయాయి. ఒక్కటీ ఎక్కలేదు. ఆఖరికి రాజ్యం ఎక్కిన రైలు కదులుతుంటే కిటికీ ఊచల్లోంచి దాని చేతిని ఒక్కొక్క వేలే విడిపించుకోవాల్సి వచ్చింది.

తిరిగొచ్చేసరికి గోనెపట్టాలు అప్పడాల్లా ఉన్నాయి. గబగబా తడిపేసింది. ఓవర్సీరు వచ్చి "నీళ్ళు సరిగ్గా కొడుతున్నావా?" అంటే "కొడుతున్నానండి" అంది. నెల తర్వాత గోడ కారింది. బాలస్వామి తలపాగా చేతిలో పట్టుకుని గేటు దాటిపోతుంటే, తట్ట నెత్తిన పెట్టుకుని చూస్తూ నిలబడింది. ఉప్పు మేస్త్రి అని పేరు పెట్టి నవ్వుకున్నారు కూలీలు. తనూ నవ్వింది.

రాజ్యం మళ్ళీ రాలేదు. నాలుగేళ్ళు ఉత్తరాలొచ్చాయి, తర్వాత అవీ ఆగిపోయాయి. అక్కచెల్లెళ్ళిద్దరికీ మిగిలిన ఆఖరి రోజులు ఆ మూడే. అందుకేనేమో, వాటిని తప్పనుకోవడానికి మణెమ్మకి ఏనాడూ మనసొప్పలేదు. తలుచుకున్నప్పుడల్లా రైలునే తలుచుకుంది గానీ గోడని తలుచుకోలేదు.

ఆదివారం గుడిలో ప్రార్థన మధ్యలోనే లేచి వచ్చేసి తాడేపల్లిగూడెం బస్సెక్కింది. భీమడోలు దగ్గర ఒకసారి దిగిపోదామనుకుంది. ఉంగుటూరు దగ్గర మరోసారి అనుకుంది. దిగలేదు.

బాలస్వామి ఇల్లు ఆ ఊరి ఉల్లిపాయల మార్కెట్టు వెనక సందులో. ఆ గోల జరిగాక ఆయన మళ్ళీ తాపీ పట్టలేదట. ఇన్నేళ్ళూ మార్కెట్టులో బస్తాలు మోశాడట. ఇప్పుడు అరుగు మీద కూర్చుని చిరిగిన గోనెసంచులు దబ్బనంతో కుడుతున్నాడు.

"ఎవరమ్మా?"

"మణెమ్మనండి మేస్త్రిగారూ. ప్లాంటు దగ్గర నీళ్ళు కొట్టిన మణెమ్మని."

"ఓసి నువ్వటే!" ఆయన కళ్ళు చిట్లించి చూసి నవ్వాడు. "ముసలిదానివైపోయావేమిటే! కూర్చో, కూర్చో. మీ రాజ్యం బాగుందా? కువైట్ నించి వచ్చేసిందా?"

అంత కష్టంలో పోయిన మనిషి దాని పేరు కూడా గుర్తుపెట్టుకున్నాడు. మణెమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. బెజవాడ సంగతీ, మూడు రోజుల సంగతీ, ఓవర్సీరుతో అన్న మాటా. మొన్న జీవన్‌తో అన్న మాట కూడా దాచలేదు.

దబ్బనం సగం దూరి ఆగిపోయింది.

"చెక్కలు విప్పిన ఎన్నో రోజున పోయావు?"

"రెండోరోజునండి."

"మూడు రోజులూ చుక్క పడలేదా?"

"పడలేదండి."

ఆయన లెక్క చూసుకుంటున్నవాడిలా చాలాసేపు వీధిలోకి చూశాడు.

"నేనా ఇసుక ఏడుసార్లు కడిగాను. మంచినీళ్ళతోనే కడిగాను. కడిగి, నాలిక మీద వేసుకు చూశాను. ఉప్పు తగల్లేదు. అంతమందీ ఉందంటుంటే నా నాలికే చెడిందనుకున్నాను." గొంతు తగ్గిపోయింది. "కూరలో ఉప్పు సరిపోయిందా అని మా ఇంటిది సుబ్బాయమ్మ అడిగేది. ఏమో, నన్నడక్కు అనేవాణ్ణి. దానికి అర్థమయ్యేది కాదు. పోయేదాకా అడుగుతూనే ఉంది. ఒక్కరోజూ చెప్పలేదు నేను."

మణెమ్మ ఆయన కాళ్ళు పట్టుకోబోయింది. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు. లే. అవి పట్టుకుని ఏం చేస్తావు?" ఆగిన దబ్బనం ఇవతలికి లాగి, "కొత్త పొర ఎప్పుడు వేస్తున్నారు?" అన్నాడు.

"గురువారమండి."

"సరే, వెళ్ళు."

సోమవారానికల్లా ప్లాంటులో అందరికీ తెలిసిపోయింది. అమరేశ్వరరావు ఆమె ఇచ్చిన టీ తాగకుండా బల్ల మీదే వదిలేశాడు. జీవన్ పెద్దమ్మా అని పిలవడం మానేశాడు. మనుషులతో గోడ చెక్కించాడు, ఇనుము తోమించి తుప్పు పట్టకుండా రంగు పూయించాడు, గురువారం కొత్త పొర వేయించాడు.

"నీళ్ళు నేను కొడతాను బాబూ" అంది మణెమ్మ, వంచిన తల ఎత్తకుండా.

"మీరు మాత్రం వద్దండి."

ఆ 'అండి' చెంప మీద కొట్టినట్టు తగిలింది. అంతలో బస్టాండు నుంచి వచ్చిన ఆటో గేటు దగ్గర ఆగింది. బాలస్వామి కర్ర ఊతంతో దిగాడు. వెనక సీటు నిండా కుట్టిన గోనెసంచులు.

"ఎవరు కొడుతున్నార్రా నీళ్ళు?"

"మన కుర్రాళ్ళు కొడతారు నాన్నా."

"మణెమ్మే కొట్టాలి. నేను కూర్చుని చూస్తాను."

పంపుగది నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆ రోజే కాదు, పధ్నాలుగు రోజులూ పొద్దున బస్సులో వచ్చేవాడు, సాయంత్రం బస్సులో పోయేవాడు. ఆమెతో మాట్లాడింది తక్కువ. "ఆ మూల పొడిగా ఉంది." "పైనుంచి రానీ." "సంచీ జారింది చూడు." అంతే. అరవై ఆరేళ్ళ మనిషి పైపు పట్టుకుని ఆ చూపు కింద అటూ ఇటూ నడిచింది. చేతులు పీకేవి. చేతులు పీకడం నయమే అనిపించేది. ఆయన తిట్టినా బాగుండునని చాలాసార్లు అనుకుంది. ఆయన తిట్టలేదు, గోడనే చూశాడు.

పధ్నాలుగో రోజున తేజస్వి వచ్చి సుత్తితో కొట్టి చూసింది. గోడ పొడుగునా ఖంగుమంది. బాలస్వామి లేచి వెళ్ళి ఆ తడిగోడ మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు తియ్యలేదు.

మధ్యాహ్నం జీవన్ క్యారేజీ విప్పి తండ్రికి అన్నం పెట్టాడు. వంకాయ కూర. మణెమ్మ దూరంగా, వాళ్ళకి వీపు పెట్టి, సంచులు తడుపుతోంది. తనని ఎవరూ భోజనానికి పిలవలేదు, పిలుస్తారని ఆమె అనుకోలేదు కూడా.

రెండు ముద్దలు తిని బాలస్వామి ఆగాడు.

"ఒరేయ్ జీవన్, మీ ఆవిడ ఇవాళ ఉప్పు తక్కువేసిందిరా."

జీవన్ క్యారేజీ గిన్నె కింద పెట్టిన చప్పుడు వినబడింది.

మణెమ్మ వెనక్కి తిరిగి చూడలేకపోయింది. మొహం గోడ వైపే ఉంచుకుని, పైపు ఇంకాస్త పైకెత్తి, పై వరస సంచుల నుంచి మళ్ళీ తడపడం మొదలుపెట్టింది.